పూరకం, కుంభకం, రీఫండు

ఆదాయపు పన్ను రిటర్నులు వేసే కాలంలో ఒత్తిడిని జయించడం ఎలాగో మా కార్యాలయంలో సిబ్బంది సంక్షేమం చూసే విభాగం వారు ఒక ఈమెయిల్లో సెలవిచ్చారు. గుండెల నిండా గాలి పీల్చుకోవాలట, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలట, గ్రీన్ టీ తాగాలట, అన్నిటికీ మించి రిటర్నును ముందుగానే వేసేయాలట. జీతం చేతికి రాకముందే అందులోంచి టీడీఎస్ పేరుతో పన్ను కోసుకున్నదీ, ఆ కోతకు సాక్ష్యపత్రమైన ఫారం 16ను జూన్ 15 సాయంత్రం దాకా దాచిపెట్టి ఇచ్చినదీ ఆ పక్క బల్లల వారే గనుక, ఊపిరి తప్ప మాకు మిగిలిందేమీ లేదని వారికి తెలిసే ఉంటుంది.

సలహాను నేను తేలిగ్గా తీసుకోలేదు. ప్రాణాయామానికి పూరకం, కుంభకం, రేచకం అని, అంటే గాలి పీల్చడం, బిగబట్టడం, వదలడం అని మూడు అంగాలుంటాయి; ఆదాయపు పన్ను కూడా అచ్చంగా ఆ శాస్త్రం ప్రకారమే నడుస్తోందని నాకు అప్పుడు బోధపడింది. ఫారం పూరించడం పూరకం. ఎక్కువగా కోసిన సొమ్మును లోపలే బిగబట్టడం కుంభకం. దాన్ని బయటికి వదలడం రేచకం; ఈ మూడో అంగంలో సాధన ఇంకా కుదరవలసి ఉంది. జీతగాళ్లు వేసే ఒకటో నంబరు ఫారానికి ‘సహజ్’ అనీ, చిన్న వ్యాపారులు వేసే నాలుగో నంబరుకు ‘సుగమ్’ అనీ నామకరణం చేసిన మహానుభావుడు మాత్రం ఏనాడూ తన రిటర్ను తాను వేసుకుని ఉండడు.

ముందుగా వేయమన్న సలహా సంగతి చూద్దాం. 2025లో జూలై 31 గడువును సెప్టెంబరు 15కు జరిపినట్లు ప్రత్యక్ష పన్నుల బోర్డు వారు మే 27నే ప్రకటించారు. రెండు, మూడు నంబర్ల ఫారాలు నింపే సరంజామా జూలైలో గానీ పోర్టల్లోకి రాలేదు. పొయ్యి మీద ఎసరైనా పెట్టకముందు పంక్తిలో కూర్చున్నవాడికి ఏం వడ్డిస్తారు?

ఆ సెప్టెంబరు 15 మధ్యాహ్నం నేను మా వీధి చివరి ఆడిటర్ గారి గదిలో ఉన్నాను. నాకు ముందు ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఉన్నారు. ఆయన పాస్‌వర్డ్ మరచిపోయారు. కొత్తది పెట్టుకోవాలంటే ఆధార్‌తో ముడిపడిన నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు అల్లుడిది. అల్లుడు సకుటుంబంగా తిరుమలలో ఉన్నాడు. దర్శనానికి వెళ్లేవారు ఫోన్లు కౌంటర్లో అప్పగించి వెళ్లాలి. ఓటీపీ ఆయువు 15 నిమిషాలు, క్యూ ఆయువు ఆ ఏడుకొండలవాడికే ఎరుక. ఇక్కడ ఆడిటర్ గారు మీట నొక్కడం, అక్కడ కొండ మీద ఏ సంచిలోనో ఫోను ‘టింగ్’మనడం, దాన్ని ఎవరూ వినకపోవడం, ఆ ఓటీపీ దిక్కులేకుండా పరమపదించడం, గంటకొకసారి చొప్పున ఈ క్రతువు రాత్రి దాకా జరిగింది.

‘‘అల్లుడుగారికి ఫోను చేసి తొందరపెట్టండి మాస్టారూ’’ అన్నాడు గుమాస్తా.

‘‘ఆ ఫోనుకే గదా నాయనా ఓటీపీ వెళ్తున్నది’’ అన్నారు ఆయన, మూడో తరగతి పిల్లవాడికి గుణకారం చెప్పినంత ఓర్పుగా.

కొత్త పన్ను పద్ధతిలో రిబేటు అనే మినహాయింపు పోను ఆ మాస్టారు కట్టవలసిన పన్ను సున్న. డిపాజిట్ల మీద వడ్డీ అప్పటి హద్దు 50 వేలు దాటిందని బ్యాంకు అందులో 10 శాతం కోసింది. (పన్ను కోయవద్దని బ్యాంకుకు రాసిచ్చే 15హెచ్ ఫారం ఇచ్చుకోవద్దా అని అడగబోయే తెలివైనవారికి మనవి: అంతకు ముందటేడు ఏప్రిల్లో ఆయన కంటికి ఆపరేషన్ కట్టుతో ఉన్నారు.) అంటే ఆయన తన సొమ్ము తాను అడుక్కోవడానికి వచ్చారు, ఆ అడుక్కోవడం ఒక్క రోజు ఆలస్యమైతే, ఆదాయం 5 లక్షలు దాటినందుకు 5,000 రూపాయలు ఎదురు కట్టాలి. మనం బాకీ పడితే నెలకు 1 శాతం వడ్డీ. వారు బాకీ పడితే అర శాతం. ఆ అర శాతాన్ని మళ్లీ మనం ఆదాయంగా చూపించి దాని మీదా పన్ను కట్టాలి! ఊళ్లో వడ్డీవ్యాపారి ఎవడైనా ఇలా పద్దు రాస్తే రచ్చబండ దగ్గర నిలదీస్తాం. ఇదేం లెక్క? డెబ్బై దాటిన మనిషిని పొద్దుగూకేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూలేసి, పైగా గాలి పీల్చుకోమని హితబోధా? ఆయన ఊపిరి ఆయన దగ్గరే ఉంది. మీ దగ్గరున్నది ఆయన డబ్బు. అది ఇచ్చి మాట్లాడండి.

అర్ధరాత్రి కావస్తుండగా గడువును ఒక్క రోజు పెంచారు. ఆ ఒక్క రోజులో మొదటి రెండున్నర గంటలు పోర్టల్ పనిచేయదని కూడా దానితోపాటే ప్రకటించారు. నా వంతు ఇంకా రానందున నేను అక్కడే ఉన్నాను. అంతలో మాస్టారి ఫోను మోగింది.

‘‘మామయ్యగారూ, దర్శనం బ్రహ్మాండంగా జరిగింది. ఇందులో ఏడు ఓటీపీలున్నాయి, ఏది చెప్పమంటారు?’’

ఆడిటర్ గారు గడియారం చూశారు. పన్నెండుంబావు. రెండున్నరకు అలారం పెట్టమని గుమాస్తాకు చెప్పి, కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.