పీసీ-7 గారికి నా కుడికాలి మొర

మహారాజశ్రీ శిక్షణ విమానం పీసీ-7 మార్క్ 2 గారి మూడు చక్రాలకూ నమస్కరించి, మీ శిష్యుడు వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. నా కుడి మోకాలు క్షేమం కాదు.

ఈరోజు నా సార్టీ, అంటే ఎగిరే పాఠం, పొద్దున ఏడింటికి. పొగమంచు అని తొమ్మిదన్నారు, తర్వాత పదకొండన్నారు, ఆ తర్వాత 'చూద్దాం' అన్నారు. ఫ్లయింగ్ సూట్ వేసుకుని, చెక్‌లు వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. మూడింటికి తమరి దర్శనమైంది. నలభై నిమిషాలు ఎగిరాం. దిగాక డీబ్రీఫ్, అంటే తప్పొప్పుల లెక్క, గంట. అందులో యాభై అయిదు నిమిషాలు బంతి గురించే. ల్యాండింగ్ ఫరవాలేదన్న ముక్క మాత్రం నాకు నేర్పే సార్ లేచి తలుపు దాకా వెళ్లాక గుర్తొచ్చి అన్నారు. సార్టీ మళ్లీ చేయాలట.

విమానం పక్కకి జారుతోందా లేదా అని నా కళ్ల ముందు చూపించే ఆ బంతి గురించే ఈ ఉత్తరం.

మీ ముక్కు మీద 700 హార్స్‌పవర్, నాలుగు రెక్కల ప్రొపెల్లర్. పవర్ లివర్ ముందుకు నెట్టగానే ముక్కు ఎడమకి పోతుంది. దానికి కారణాలు పరీక్షలో నాలుగూ రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే మిగతా విమానం రెండో వైపు తిరగాలని చూడటం. మెలికలు తిరిగిన గాలి వెళ్లి తోక రెక్కని ఎడమ పక్కన కొట్టడం. ముక్కు పైకెత్తితే ప్రొపెల్లర్‌లో కిందికి దిగే రెక్క ఎక్కువ లాగడం. ముక్కు కిందికి దించితే తిరిగే ప్రొపెల్లర్ బొంగరంలా దాన్ని ఎడమకి తిప్పడం. నాలుగింటికీ మందు ఒకటే: కుడి రడ్డర్, అంటే ముక్కుని కుడికి తిప్పే కుడికాలి పెడల్. కొత్త కోడల్ని కుడికాలు పెట్టి లోపలికి రమ్మంటారు. నీ గడపలో ఒకసారి పెట్టిన కుడికాలు మళ్లీ తీయనివ్వవు కదా!

పోనీ తొక్కే ఉంచుదామా అంటే, అదీ కుదరదు. ఎక్కుతున్నంతసేపూ తొక్కి, కాలి మీద బరువు తగ్గేలా ట్రిమ్ చేసుకుని, హమ్మయ్య అనుకుని పవర్ తగ్గిస్తాను. ఆ రెండు గీతల మధ్య ఉండాల్సిన నల్ల బంతి, అంతదాకా కుడికి జారింది కాస్తా ఇప్పుడు ఎడమకి పోతుంది. స్పీడు మారితే కదులుతుంది. గుండ్రంగా పల్టీ కొట్టే లూప్‌లో పైకి వెళ్తుంటే ఒకలా, దిగుతుంటే ఇంకోలా. దాన్నే చూస్తూ కూర్చుంటే ఎత్తు పోతుంది, ఎత్తు చూస్తే బంతి పోతుంది. అప్పుడు హెల్మెట్‌లో ఆ గొంతు: "బాల్!" రెండు సెకన్లు గడిచాక, ఇంకా గట్టిగా: "బాల్!"

సార్ వెనక సీట్లో నాకన్నా ఎత్తులో, నా తల మీదుగా చూస్తూ కూర్చుంటారు. అచ్చం అత్తగారిలాగే. పైగా నా బంతి చూడ్డానికి ఆయన మెడ సాచాల్సిన పని కూడా లేదు. ఆయన ముందు ఇంకోటి పెట్టి ఉంచావు. ఒక్క బంతితో నీకు సరిపోలేదా?

ఎండాకాలం కెనపీ, అదే నెత్తి మీది అద్దాల మూత, మూశాక లోపల ఇడ్లీలా ఉడకడం, లివర్ నెట్టాక కాసేపు ఆలోచించుకుని గానీ నువ్వు శక్తి ఇవ్వకపోవడం, వీటి గురించి ఇంకోసారి రాస్తాను.

నీకు ముందు మా వాయుసేనలో దీపక్ అనే శిక్షణ విమానం ఉండేది. 260 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజన్, గురువూ శిష్యుడూ పక్కపక్కనే. 2009లో దాన్ని ఆపేశారు. 2013లో నువ్వు వచ్చేదాకా మా సీనియర్లు మొదటి పాఠమే కిరణ్ జెట్ మీద నేర్చుకున్నారు. పాపం, నేరుగా జెట్ ఎక్కించేశారని వాళ్ల మీద అందరూ జాలిపడతారు. నేను పడను. కిరణ్‌కి ముక్కు మీద ఫ్యాను లేదు. పవర్ పెంచితే తిన్నగా పోతుంది. నేను రేపు ఇక్కడ పాసై వెళ్లేదీ ఆ జెట్ మీదికే! అక్కడికెళ్లాక రెండు కాళ్లూ ఊరికే పెట్టుకోవచ్చట. మరి అక్కడ లేని రోగానికి ఇక్కడ నా మోకాలెందుకు అరగదీస్తున్నావు? ఇదేం న్యాయం?

న్యాయమేమిటో నాకు తెలుసులే. బంతి పక్కకి పోయి ఉండగా స్టాల్ అయితే, అంటే రెక్కలు గాలి మీద పట్టు కోల్పోతే, ఏమవుతుందో పోయిన నెల చూపించావు. ఒక రెక్క చటుక్కున కిందికి పోయింది, పొలాలన్నీ ముందు అద్దంలోకి వచ్చి గిర్రున తిరిగాయి. అందులోంచి బయటపడ్డానికి తొక్కింది కూడా రడ్డరే. దిగాక మోకాళ్లు రెండూ వణికాయి. ఆ రోజు మాత్రం పక్షపాతం చూపించలేదు.

ఇంకొక సంగతి కూడా రాయాలి. సోలో రోజున వెనక సీటు ఖాళీ. బెల్టులు బిగించి కట్టేసి ఉన్నాయి. ఇక ఎవరూ అరవరు కదా అని సంబరంగా లివర్ నెట్టి, రన్‌వే వదిలి పైకి లేచాను. హెల్మెట్‌లో గట్టిగా ఎవరో "బాల్!" అన్నారు. ఒళ్లు ఝల్లుమంది. తీరా చూస్తే ఆ గొంతు నాదే. కుడికాలు అప్పటికే తొక్కేసింది కూడా.

రేపు ఏడింటికి మళ్లీ మనిద్దరికీ సార్టీ ఉంది. పొగమంచు లేకపోతే వస్తాను.

ఇట్లు,
ఎడమకాలికి పనిలేని మీ శిష్యుడు