పాత హోటల్ పడగొట్టే ముందు

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల అడ్రస్ చెప్పాలంటే ఒకప్పుడు డోర్ నంబరు అక్కర్లేదు, ఫలానా హోటల్ ఎదురుగా అంటే సరిపోయేది. అలాంటి పాత హోటళ్లు ఒక్కొక్కటిగా కాంప్లెక్సులైపోతున్నాయి. యజమానుల్ని తప్పుపట్టలేం. తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించే ఓపిక వాళ్ల పిల్లలకు ఉండాలని రూలేమీ లేదు. మా బెంగల్లా ఆ గోడలతో పాటు పోతున్న చరిత్ర గురించే.

హోటళ్లు రాకముందు ఈ ఊరికి వచ్చిన పరాయి మనిషికి సత్రమో, పూటకూళ్ల ఇల్లో, తెలిసినవాళ్ల అరుగో దిక్కు. 1892లో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో గురజాడ పూటకూళ్లమ్మను పెట్టారంటే, అలాంటి ఇళ్లు అప్పటి జనానికి అంత బాగా తెలుసు. సంగీతం నేర్చుకోవడానికి వచ్చిన ఘంటసాల ఇక్కడే మధూకరం చేసుకుని, అంటే ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకుని చదువుకున్నారు. అలాంటి చోట చేతిలో డబ్బులుంటే చాలు, ఎవరి దయా అక్కర్లేకుండా కడుపు నింపుకోవచ్చని చెప్పింది హోటలే.

అయితే అందరికీ కాదు. మద్రాసు రాష్ట్రంలో చాలా హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. దళితులకు గుమ్మం బయటే, గ్లాసు కూడా వేరే. రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలతో పాటు హోటళ్లను పేరుపెట్టి మరీ ప్రస్తావించాల్సి వచ్చింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. అయినా కోర్టు గుమస్తా, బస్సు దిగిన కూలీ ఒకే పాలరాతి బల్ల దగ్గర కూర్చుని, ఒకే రకం గ్లాసుల్లో కాఫీ తాగడం ఒక్కరోజులో జరగలేదు. ఆ మార్పు ఎలా వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరు ముందు లోపలికి అడుగుపెట్టారు అన్నది ఎక్కడా రాసి లేదు. మా దృష్టిలో హోటల్ చరిత్రలో అసలు అధ్యాయం అదే. పెసరట్టు ఉప్మా రుచిని మాత్రమే తలుచుకుంటే అది మరుగున పడిపోతుంది. వెనక పెరట్లో ప్లేట్లు కడిగిన పిల్లల సంగతీ అంతే. హోటళ్లలో పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదన్న నిషేధం అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరులో! అంతవరకూ ఎంతమంది బాల్యం ఆ తొట్ల దగ్గరే గడిచిపోయిందో.

2020లో ఊరి పాత గుర్తు అయిన మూడు లాంతర్ల స్తంభాన్ని పడగొట్టాక ఊరు ఎంత బాధపడిందో అందరూ చూశారు. కూల్చాక గొడవపడి లాభం లేదు. పాత హోటల్ కూల్చివేతకు అనుమతి ఇచ్చే ముందు ఫొటోలు, కొలతలు తీసుకోవాలని నగరపాలక సంస్థ నిబంధన పెట్టాలి. ధరల బోర్డు, గల్లాపెట్టె, పాత లెక్కల పుస్తకాలు దాచడానికి ఒక గది చూపించాలి. పాత వంట మాస్టర్లు, సర్వర్లు, క్లీనర్ల మాటలను కాలేజీ విద్యార్థుల చేత రికార్డు చేయించవచ్చు, దానికి పెద్ద ఖర్చేమీ అవదు. వాళ్లంతా పెద్ద వయసువాళ్లు. ఈ పని పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లోపే మొదలుకావాలని కోరుతున్నాం.