పొద్దున్న ఫోన్‌లో బానే ఉంది కదా!

న్యూజెర్సీలో నా పనులన్నీ తెమిలేసరికి రాత్రి 9:30. విశాఖలో అప్పుడు పొద్దున్న 7, చలికాలమైతే 8. ఎంవీపీ కాలనీలో ఉండే మా మేనత్తకి ఆ టైమ్‌లోనే వీడియో కాల్ చేసేవాణ్ణి. కాఫీ గ్లాసు పట్టుకుని, రైతుబజార్లో బీరకాయల ధరతో సహా కబుర్లు చెప్పేది. "అమ్మ అన్నం నమల్లేకపోతోందిరా, రెప్పలు వాలిపోతున్నాయి" అని బావ అంటే, వయసు మీద పడింది, పైగా టెన్షన్ మనిషి అని కొట్టిపారేశాను.

మొన్న డిసెంబర్లో వెళ్లినప్పుడు రాత్రి భోజనం దగ్గర చూశాను. నాలుగు ముద్దలు తిన్నాక దవడ ఆగిపోయింది. గడ్డం కింద చెయ్యి ఆనించి ఐదో ముద్ద నమిలింది. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. మాట ముక్కులోంచి వస్తోంది. గోడ మీద గడియారాలు రెండు కనిపిస్తున్నాయంది.

జబ్బు పేరు మయస్థీనియా గ్రేవిస్. నరం కండరానికి పంపే కబురు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. చాలామంది రోగుల్లో, కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలను సొంత ఒంట్లోని యాంటీబాడీలే పాడుచేస్తాయి. విశ్రాంతి తీసుకున్న కండరం కాసేపు బాగానే పనిచేస్తుంది, వాడేకొద్దీ చచ్చుబడుతుంది. అందుకే పొద్దున్న లేచినప్పటి ఓపిక సాయంత్రానికి ఉండదు. మనం ఫోన్ చేసేదేమో పొద్దున్నే! ఆ అయిదు నిమిషాలు చూసి "బద్ధకం", "నటన" అనే హక్కు మనకి లేదు.

వైద్యం ఉంది. పిరిడోస్టిగ్మిన్ మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకుంటే అత్త ముద్ద మింగగలుగుతోంది. యాంటీబాడీల జోరు తగ్గించడానికి స్టెరాయిడ్లు, కొందరికి ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిని తీసేసే ఆపరేషన్. అసలు భయం వేరే మందులతో. జలుబు, దగ్గు అనగానే మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఈ జబ్బుని ముదరబెట్టగలవు. అది ఊపిరి కండరాలదాకా వస్తే వెంటిలేటరే గతి. నేను ప్రేమగా మోసుకెళ్లిన మెగ్నీషియం మాత్రల డబ్బాని కూడా న్యూరాలజిస్టు పక్కన పెట్టించారు. ఇప్పుడు బావ ఏ డాక్టరు దగ్గరికెళ్లినా జబ్బు పేరు రాసిన కాగితం ముందు చూపిస్తున్నాడు.

నేను ఆఫీసుకి బయల్దేరేముందు, అక్కడ పొద్దు గుంకాక ఫోన్ చేస్తున్నాను. మూడో మాటకే గొంతు ముద్దగా అయిపోతుంది. "పొద్దున్న చెయ్యరా, బావుంటాను" అంటుంది. కబుర్లు నేనే చెబుతున్నాను. ఆవిడ ఊఁ కొడుతోంది.