మహారాజశ్రీ సైకిలు గారి దివ్యసముఖానికి

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆచారం కనుక అలాగే మొదలుపెడుతున్నాను. నిజానికి ఒకరికి పిక్కలు పట్టేసి ఉన్నాయి, మరొకరికి నిన్న సాయంత్రం దాకా రెండు చక్రాల్లోనూ గాలి లేదు. కుశలమన్నది ఉభయుల్లో ఎవరి దగ్గరా లేదు. నిన్న మధ్యాహ్నమంతా తమరిని ఎండలో తోసుకుంటూ తిరిగిన మీదట, ఇంతకాలంగా మింగుతూ వచ్చిన నాలుగు మాటలు కాగితం మీద పెట్టడమే మేలనిపించింది.

తమరిని కొంటే జీవితం మారిపోతుందని అందరూ చెప్పారు. డాక్టరు గారు చెప్పారు, పొద్దున్నే పార్కులో చేతులూపుతూ నడిచే పెద్దమనుషులు చెప్పారు, తమరిని అమ్మిన షాపు కుర్రాడైతే ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పాడు. మారలేదని నేను అనను. మూడు నెలల సగటు చక్కెర 7.4 నుంచి 6.3కు దిగింది. పాత ప్యాంట్లన్నీ దర్జీ దగ్గర నడుము కుట్టించుకుంటున్నాయి. పొద్దున్నే మా వీధి కుక్కలతో వ్యక్తిగత పరిచయం ఏర్పడింది, అందులో ఒకటి నా పిక్కను మరీ ఆత్మీయంగా పరిశీలిస్తున్నది. రాంగు రూటులో ఎదురొచ్చి, పైగా నన్నే కోపంగా చూసే బైకు కుర్రాళ్ళ మీద నాకు ఇప్పుడు స్వచ్ఛమైన వేదాంతదృష్టి కలిగింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ చక్కెరతో పాటు నా పరువు కూడా దిగుతుందని ఆ షాపులో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదని మాత్రం సవినయంగా అడుగుతున్నాను.

నిన్న మా పెదనాన్న గారి మనవరాలి పెళ్ళి. హాలు ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. ముహూర్తాల రోజుల్లో ఆ దారిలో కారు ఎంతసేపు నిలబడుతుందో హైదరాబాదులో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. మా ఆవిడ ముందురోజు రాత్రే పెళ్ళివారింటికి వెళ్ళిపోయింది కనుక అడ్డు చెప్పేవారు లేరు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పంచె కట్టే ధైర్యం లేక ప్యాంటే వేసుకుని, తమరి మీద హాయిగా పావుగంటలో గేటు దగ్గర దిగాను. ఆ పావుగంటే నిన్న నాకు దక్కిన సుఖం.

"డెలివరీలు వెనక గేటు సార్" అన్నాడు వాచ్‌మన్.

పెళ్ళికొచ్చానన్నాను. అతను నా చొక్కా వంక చూశాడు, చేతిలో ఉన్న శుభలేఖ వంక చూశాడు, చివరకు తమరి వంక చూశాడు. చొక్కా, శుభలేఖ నా పక్షాన సాక్ష్యం చెప్పాయి. తమరు ఎదురు సాక్ష్యం చెప్పారు. సరే, బైకులు పెట్టే సెల్లారుకు వెళ్ళమన్నారు. అక్కడ చీటీ కొట్టే కుర్రాడు చేతిలోని మిషను పట్టుకుని బండి నంబరు అడిగాడు. సైకిలుకు నంబరు ఉండదు కదా బాబూ అన్నాను. నంబరు కొట్టనిదే చీటీ రాదు, చీటీ లేనిదే బండి లోపలికి రాదు, ఇందులో తాను చేయగలిగింది ఏమీ లేదు అని అతను ఎంతో మర్యాదగా వివరించాడు. ఒకప్పుడు మన మునిసిపాలిటీలు సైకిళ్ళకు పన్ను వేసి, కట్టినవారికి ఏడాదికో బిళ్ళ ఇచ్చేవి; ఆ బిళ్ళ లేకపోతే దారిలో ఆపేవారు. పన్ను కట్టించుకున్న కాలంలో తమరికి ఒక నంబరూ ఒక అస్తిత్వమూ ఉండేవి. పన్ను ఎత్తేసి మేలు చేశారనుకున్నాం గాని, లెక్కలోంచే ఎత్తేశారని నిన్న తెలిసింది.

కార్లు తీసుకుని పార్కు చేసే వాలె కుర్రాళ్ళ దగ్గరకు పోయాను. వాళ్ళు నవ్వారు. వెనక గేటుకు వెళ్ళాను. అక్కడ వంటవారి మేస్త్రీ నన్ను చూడగానే "ఇప్పుడా రావడం, నీళ్ళ సీసాలు ఎవరు సర్దుతారు?" అని కేకేశాడు. గారెల బాణలికీ సాంబారు డేగిసాకూ మధ్య నిలబడి నేను పెళ్ళికూతురికి వరసకు బాబాయినవుతానని నిరూపించుకోవలసి వచ్చింది. ఈ లోగా లోపల జీలకర్ర బెల్లం పెట్టేశారు. మేళం జోరు వంటశాల దాకా వినబడింది.

చివరకు ముందు గేటు వాచ్‌మనే వెతుక్కుంటూ వచ్చాడు. "జనరేటరు రూము వెనక నా సైకిలుంది సార్, దాని పక్కన పెట్టుకోండి, ఎవరికీ కనబడదు" అని మెల్లగా అన్నాడు. వెళ్ళి చూస్తే నల్లటి పాత బండి, క్యారేజీకి ట్యూబు ముక్కతో కట్టిన అన్నం డబ్బా, హ్యాండిలుకు వేలాడదీసిన సంచి. తమరిని గేట్లో ఆపిన మనిషి రోజూ తమరి జాతివాడి మీదనే డ్యూటీకి వస్తాడు. వచ్చి, అతిథుల కంట పడకుండా దాచుకుని, ఆ తర్వాత గేటు దగ్గర నిలబడి సైకిళ్ళను ఆపుతాడు. ఆపకపోతే అతని ఉద్యోగం ఉండదు.

హాల్లోకి వెళ్ళేసరికి నా వాహనం సంగతి నాకంటే ముందే చేరింది. మా బాబాయి పక్కకు పిలిచి, "ఏరా, కారు అమ్మేశావట. ఏమైనా ఇబ్బందుల్లో ఉంటే నాతో చెప్పొచ్చు కదా" అన్నాడు. అమ్మలేదు బాబాయ్, ఇంట్లోనే ఉంది అన్నాను. ఆ మాట ఆయనకు మరింత అనుమానం కలిగించింది. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ మా అబ్బాయి అమెరికా నుంచి డబ్బు పంపడం మానేశాడా అని మా ఆవిడను నేరుగానే అడిగింది. మరొకాయన ఎన్నికలు ఇంకా దూరంగానే ఉన్నాయి కదా, అప్పుడే పార్టీ గుర్తు మీద ప్రచారమెందుకని చమత్కరించాడు. ఇదే హాల్లో ఇదే పెళ్ళికి, తమరి దాయాదుల్లో ఒకదాన్ని కారు వెనక కట్టుకుని వారాంతాల్లో ఔటర్ రింగు రోడ్డు పక్కన, 2023లో తెరిచిన సైకిలు దారిలో, సౌరఫలకాల నీడలో తొక్కివచ్చే నా సహోద్యోగి కూడా వచ్చాడు. ఆయన సైకిలు ఖరీదు లక్షల్లో ఉంటుంది, గదిలో గోడకు వేలాడుతుంది. ఆయనను ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనిషి అన్నారు. నన్ను చూసి అయ్యో పాపం అన్నారు. తేడా ఏమిటంటే, ఆయన సైకిలు తొక్కడానికి కార్లో వెళతాడు. నేను వెళ్ళవలసిన చోటికి సైకిలు మీద వెళ్ళాను.

ఇంతవరకూ నేను ఓర్చుకున్నాను. తాంబూలం తీసుకుని జనరేటరు రూము వెనక్కి వచ్చేసరికి రెండు సైకిళ్ళ గాలీ తీసేసి ఉంది. తమరి వాల్వు పిన్నులు లేవు. వాచ్‌మన్ బండికైతే వాల్వు మొత్తం ఊడదీసి ఎక్కడో విసిరేశారు. మేనేజరు వచ్చి చూశాడట. ఫొటోలు తీసే చోటుకు ఇవి కనబడుతున్నాయన్నాడట. జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు 1880ల చివర్లో బెల్‌ఫాస్టులో కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి టైరులో గాలి నింపే ఉపాయం వాడుకలోకి తెచ్చాడు. ఆ గాలి తీసేయడం కూడా ఒకరి ఉద్యోగధర్మం అవుతుందని పాపం ఆ మహానుభావుడికి తట్టి ఉండదు.

ఇక తమరు, మీరు అనే మర్యాదలు చాలు. నువ్వెందుకు నోరెత్తవు? ఆటో అరుస్తుంది, బుల్లెట్టు గర్జిస్తుంది, చివరకు రివర్సు తీసే కారు కూడా ఏదో ఒక పాట పాడుతుంది. నీకున్నదల్లా టింగుమనే ఒక గంట. 2011 జనగణన నాటికి ఈ దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో నువ్వున్నావు. కారున్న ఇళ్ళు నూటికి ఐదు కూడా లేవు. ఆ ఐదుగురి కోసం సెల్లార్లు తవ్వారు, టోకెన్లు అచ్చువేశారు, కుర్రాళ్ళకు యూనిఫారాలు కుట్టించారు. నీకు గోడకు కొట్టిన ఒక ఇనుప కమ్మీ కూడా దిక్కులేదు. ఒక కారు ఆగే చోట మీరు ఎనిమిది పది మంది ఆగుతారు, పొగ లేదు, చప్పుడు లేదు, పెట్రోలు లేదు. ఇంత అణకువగా బతికినందుకే నీకు వెనక గేటు చూపించారు. నాకు కోపమొస్తే రేపు కారు తాళం తీసుకుంటాను, నా పరువు సాయంత్రానికల్లా తిరిగి వస్తుంది. గాలి తీసిన బండితో డ్యూటీ దిగి, పగలంతా నిలబడిన కాళ్ళతో రాత్రి పది దాటాక ఇంటిదాకా నడవవలసిన ఆ మనిషికి ఏ తాళం ఉంది? పెళ్ళి ఫొటోల్లో అతని బండి పడితే ఎవరి వంశం ఏమైపోయేది?

పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారని చదువుకుంటూ పెరిగాం. ఢిల్లీలో ఆయన సైకిలు నిలబెట్టుకోవడానికి చోటు దొరికింది. ఇక్కడ ఒక కల్యాణమంటపంలో నీకు దొరకలేదు. నెదర్లాండ్సు ప్రధాని మార్క్ రుటె సుమారు 14 ఏళ్ళ పదవి తర్వాత 2024 జులైలో కొత్త ప్రధానికి బాధ్యతలు అప్పగించి, కార్యాలయం నుంచి సైకిలెక్కి ఇంటికి పోయాడు. ఆయనే గనక నిన్న ఆ గేటు దగ్గర దిగి ఉంటే నీళ్ళ సీసాలు సర్దవలసి వచ్చేది.

పైగా నువ్వు మనుషుల తల ఎత్తించలేని దానివేమీ కావు, అదే నా బాధ. 1990ల తొలి ఏళ్ళలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేల మంది పల్లెటూరి ఆడవాళ్ళు నిన్ను తొక్కడం నేర్చుకున్నారు. నీళ్ళ బిందెలు, పిల్లలు, పొలం పనులు అన్నీ నీ మీద తిరిగాయి, బస్సు కోసమో మగవాడి తీరిక కోసమో కాచుకోవడం తప్పింది. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బులిచ్చింది; ఆ పథకం వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు సుమారు మూడో వంతు పెరిగారని ఆ తర్వాత పరిశోధకులు లెక్కగట్టి చూపారు. ఊరికి దూరంగా ఉన్న బడిని దగ్గరకు లాక్కొచ్చిన దానివి, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెళ్ళికి నన్ను పెళ్ళిపెద్దగా చేర్చలేకపోయావు. 2025 సెప్టెంబరులో నీ మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి దించారు. నువ్వు చవకయ్యావు, నీతో పాటు నేనూ చవకయ్యాను.

నిన్ను తోసుకుంటూ బయలుదేరాను. దారిలో పెట్రోలు బంకులో గాలి పట్టే అతను సైకిళ్ళకు పట్టనన్నాడు. ఆ తర్వాత రెండు టైర్ల షాపులు వచ్చాయి, రెండూ కార్లవే. చాలా దూరం నడిచాక, ఒక గల్లీ మొదట్లో వేపచెట్టుకు పాత టైరు వేలాడదీసిన చిన్న షాపు కనబడింది. పెద్దాయన అడక్కుండానే డబ్బాలోంచి కొత్త పిన్నులు తీసి బిగించాడు, పంపు మీద కాలు పెట్టి గాలి కొట్టాడు, వేలికి ఉమ్మి తడి చేసుకుని వాల్వు మూతి మీద రాసి బుడగ లేస్తుందేమోనని కళ్ళు చిట్లించి చూశాడు. లేవలేదు. టైరును బొటనవేలితో నొక్కి తృప్తిగా తలూపాడు.

"పెళ్ళిలో తీశారా?" అన్నాడు.

ఎలా తెలిసిందన్నాను. "ఆ హాలు పుణ్యాన ముహూర్తాలున్నప్పుడల్లా నాకు గిరాకీ" అన్నాడు. వంటవాళ్ళు, మేళంవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, అందరూ ఇక్కడికే వస్తారట. వాచ్‌మన్ బండికి సరిపోయే వాల్వు, ట్యూబు ముక్క అడిగి తీసుకున్నాను, ఆయన చేతిపంపు అరువిచ్చాడు. మళ్ళీ ఆ హాలు దాకా నిన్ను తొక్కి, ఆ సామాను అతనికి అప్పగించి, గాలి కొట్టించి, పంపు తిరిగి ఇచ్చి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఆదివారం మధ్యాహ్నం నిద్ర అనే నా జన్మహక్కు ఆ విధంగా మట్టిలో కలిసింది.

ఇంత జరిగాక నిన్ను పాతసామాను బండికి వేసేయమని మా ఆవిడ తీర్పు చెప్పింది. నేనూ సరేనన్నాను. అయితే అంతదూరం ఎండలో నడిచి మళ్ళీ అంతదూరం తొక్కినా నాకు ఆయాసం రాలేదని రాత్రి పడుకోబోతుండగా గుర్తొచ్చింది. పోయిన ఏడు ఇదే పనికి రెండుసార్లు ఆటో ఎక్కి ఉండేవాణ్ణి. ఆ ఒక్క కారణం చేత, అదీ అప్పటి పూర్తి కోపంలో కాకుండా సగం కోపంలో ఉన్నాను కనుక, నీ మీద చర్య వాయిదా వేస్తున్నాను. దీన్ని క్షమాపణగా భావించి రేపటి నుంచి చైను జారవిడిచే అలవాటు మళ్ళీ మొదలుపెట్టకు.

ఇది ముగించబోతుండగా మా బాబాయి ఫోను చేశాడు. డబ్బు సర్దుతానని మళ్ళీ అంటాడేమో అనుకున్నాను. డాక్టరు ఆయనకు నడక ఒక్కటే చాలదన్నాడట. నీ ఖరీదు ఎంత, ఎక్కడ దొరుకుతుంది, ఈ వయసులో తొక్కితే జనం ఏమైనా అనుకుంటారా అని వరసగా అడిగాడు. ఎవరూ ఏమీ అనుకోరని చెప్పి షాపు చిరునామా పంపాను. ముందుగా పెళ్ళిళ్ళకు తీసుకువెళ్ళి అలవాటు చేసుకోమన్నాను.

ఇట్లు,
నంబరు లేని వాహనం మీద తిరిగే ఒక మర్యాదస్థుడు