వలసను ఆపడమే అభివృద్ధా?

వాదానికొచ్చిన విషయం: వాతావరణం మారి ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. సుస్థిర అభివృద్ధి పేరుతో పెట్టే డబ్బు ఉన్నవాళ్లను ఉన్నచోటే నిలబెట్టడానికా, కదిలేవాళ్లకు దారి వేయడానికా? మొదటి పక్షాన ఊరివాది, రెండో పక్షాన దారివాది.

ఊరివాది: ముందు లెక్క చెబుతాను. 2050 నాటికి ప్రపంచంలోని ఆరు ప్రాంతాల్లో 21.6 కోట్ల మంది దాకా సొంత దేశంలోనే చోటు మారాల్సి రావచ్చని 2021లో ప్రపంచ బ్యాంకు 'గ్రౌండ్స్‌వెల్' నివేదిక చెప్పింది. ఉద్గారాలు తగ్గించి, అందరికీ అందే అభివృద్ధి ఇప్పుడే మొదలుపెడితే అది 4.4 కోట్లకు దిగవచ్చని కూడా అందులోనే ఉంది. ఇంకేం కావాలండీ? నీళ్లూ నేలా చూసుకుంటే జనం కదలరు.

దారివాది: ఆ అంకె ఎత్తినవాళ్లంతా దాన్ని జోస్యంలా చదువుతారు. నీటి లభ్యత, పంట దిగుబడి, సముద్రమట్టం లాంటివి మోడల్‌లో వేసి, జనం ఎటు సర్దుకుంటారో కట్టిన అంచనా అది. పోవాలని ఉన్నా దారిఖర్చు లేక ఆగిపోయినవాడు అందులో ఊళ్లోనే ఉన్నవాడి కింద జమ. బ్రిటన్ ప్రభుత్వం 2011లో వేయించిన ఫోర్‌సైట్ అధ్యయనం వీళ్లను 'చిక్కుకుపోయిన జనం' అంది. కరువు ముదిరాక దూరపు వలస తగ్గే సందర్భాలూ ఉన్నాయి, అమ్ముకుని బయల్దేరడానికి మేక కూడా మిగలదు కాబట్టి. మీ లెక్కలో అదీ విజయమే.

ఊరివాది: సరే, మోడల్ వదిలేసి మట్టి దగ్గరికి రండి. బుర్కినా ఫాసోలోని యతెంగాలో 1980 ప్రాంతాల్లో యాకూబా సవదోగో అనే రైతు పాతకాలపు 'జాయ్' గుంటల పద్ధతికి మెరుగులు దిద్దాడు. అక్కడిది పెచ్చు కట్టిన నేల, వాన పడితే ఇంకదు, జారిపోతుంది. ఎండాకాలంలోనే 20–30 సెంటీమీటర్ల వెడల్పు, 10–20 సెంటీమీటర్ల లోతు గుంటలు తవ్వుతారు, హెక్టారుకు పది వేలకు పైగా. తవ్విన మట్టిని పల్లం వైపు చిన్న గట్టులా పోస్తారు. గుంటకు రెండు మూడు గుప్పెళ్ల పశువుల ఎరువు. ఆ ఎరువుకు చెదలు చేరి నేలను తొలుస్తాయి, తొలకరి నీళ్లు ఆ సొరంగాల్లోంచి దిగుతాయి. జొన్న, సజ్జ అందులోనే వేస్తారు. ఇక నైజర్‌లో జిందేర్, మరాడి రైతులు మోడుల నుంచి లేచిన పిలకలను కొట్టేయకుండా కాపాడి, దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు నిలబెట్టారు. నర్సరీతో పని లేదు. ఊరు నిలబడే ఉపాయం ఊళ్లోనే ఉంది.

దారివాది: జాయ్ మంచి పద్ధతే. కానీ హెక్టారు తవ్వడానికి ఒక మనిషికి సుమారు 300 గంటల పని. తవ్వాల్సింది ఎండాకాలంలో. సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడి మగవాళ్లు ఐవరీ కోస్ట్ తోటల్లో కూలికి పోతారు. ఎరువు హెక్టారుకు టన్నుల్లో కావాలి, అంటే పశువులూ బండీ ఉన్నవాడికే కుదురుతుంది. ఆ బండి, తవ్వే కూలీల డబ్బు చాలాసార్లు బయటికి పోయినవాడు పంపిందే. మీ గుంటలో నా వలసవాడి చెమట కూడా ఉందండీ.

ఊరివాది: కూలి అంతగా పట్టని పద్ధతులూ ఉన్నాయి. డ్రిప్ వేస్తే సరి, ఉన్న నీళ్లే రెట్టింపు నేలకు సరిపోతాయి.

దారివాది: సరిపోవడమే చిక్కు! కాలువ కట్టి పారించినప్పుడు పైరు తాగని నీళ్లు కొంత కిందికి ఇంకి మళ్లీ బోర్లకే చేరతాయి. డ్రిప్ ఆ కారుడును ఆపుతుంది. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో ఎకరం వేస్తాడు. ఆకుల నుంచి ఆవిరయ్యేది పెరుగుతుంది, కిందికి ఇంకేది తగ్గుతుంది, భూగర్భ జలం ఇంకా దిగుతుంది.

ఊరివాది: అది డ్రిప్ తప్పా? బోరుకు ఇంతే నీరని హద్దు పెట్టని ప్రభుత్వం తప్పు. అయినా మీరు డ్రిప్పర్లు పూడిపోయిన తోటను చూసి మాట్లాడుతున్నట్టున్నారు. ఫిల్టరు ఎప్పటికప్పుడు కడగాలి, లేటరల్ పైపు చివరి మూత తీసి మురికి నీళ్లు వదలాలి, ఉప్పు పేరుకుంటే పలుచని యాసిడ్ ఎక్కించాలి...

దారివాది: పూడిక మాట నేనసలు ఎత్తలేదు కదా!

ఊరివాది: ఎత్తకపోయినా అదే మీ మనసులో ఉంది.

(వలస సంగతి ఇద్దరూ మరిచారు. డ్రిప్ మాట వచ్చిన చోటల్లా ఇంతే.)

ఊరివాది: పోనివ్వండి. మీ దారి ఎక్కడికి పోయిందో చూద్దాం. ఒడిశాలో సతభయ ఊళ్లను సముద్రం కోసేస్తే, 2018లో 571 కుటుంబాలను బాగపాటియా కాలనీకి తరలించారు. ఇంటికి పది సెంట్ల స్థలం. సాగుకు భూమి లేదు. మగవాళ్లు కేరళ దాకా కూలికి పోతున్నారు. తరలింపు అయ్యాకే అసలు వలస మొదలైంది! అమెరికాలో సముద్రం మింగేస్తున్న ఐల్ డి జాన్ చార్లెస్ ద్వీపం వాళ్ల కోసం 2016లోనే సుమారు 4.8 కోట్ల డాలర్లు కేటాయించారు. జనం కొత్త ఇళ్లలో చేరింది 2022లో. అంత డబ్బున్న దేశంలోనే ఆరేళ్లు పడితే, లేని దేశంలో ఎన్నాళ్లు?

దారివాది: ఈ దెబ్బ గట్టిదే, కాదనను. రెండు చోట్లా ఇల్లు కట్టారు గానీ బతుకు కట్టలేదు. అయితే ఊరు కదలకుండా కట్టిన కట్ట సంగతి కూడా చెప్పుకుందాం. బంగ్లాదేశ్ తీరంలో 1960లలో కరకట్టలు మొదలుపెట్టి, చుట్టూ కట్ట ఉన్న 139 పోల్డర్లు తయారుచేశారు. ఉప్పునీరు ఆగింది, వరి పండింది. కానీ ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు మోసుకొచ్చే ఒండ్రు కూడా లోపలికి రాకుండా పోయింది. అది బయట నదిలోనే పేరుకుని నది మెరకైంది, లోపలి నేల అణిగి పల్లమైంది. కొన్నిచోట్ల తేడా మీటరుకు పైనే. తూము తెరిస్తే వాన నీళ్లు బయటికి పోయే బదులు నదే లోపలికొస్తుంది. 2009 మేలో ఐలా తుఫానుకు 32వ పోల్డర్ కట్ట తెగింది. దాదాపు రెండేళ్లు పొలాల్లో పోటు వస్తూ పోతూ ఉంది.

దీనికి మందు అక్కడి రైతులే కనిపెట్టారు. కట్టకు తామే గండి కొట్టి, 'బీల్' అనే పల్లపు నేలలోకి పోటును రానిస్తారు. బురద నీళ్లు లోపల నిలిచి ఒండ్రు దించుతాయి. పోటు తీసేటప్పుడు తేట నీళ్లు జోరుగా వెనక్కి పోతూ నది అడుగును కోస్తాయి. మూడు నుంచి ఐదేళ్లలో నేల లేస్తుంది, నది లోతవుతుంది. ఒండ్రు గండి దగ్గర ఎక్కువ, దూరాన తక్కువ పడుతుంది, ఆ హెచ్చుతగ్గులకు లోపల కాలువలు తవ్వుకుంటూ పోవాలి. ఇంతకన్నా సుస్థిరమైన పని ఏముంది? కానీ ఆ ఐదేళ్లూ పొలం నీళ్ల కింద ఉంటుంది. రైతు పట్నం పోవాలి, పోయినా భూమి మీద హక్కు పోకూడదు, నేల లేచాక తిరిగి రాగలగాలి. పట్నంలో అద్దె గది, పిల్లలకు బడి, పనికి కావలసిన కాగితాలు మీ ఊరి పథకంలో ఏ పద్దు కింద ఉన్నాయి? ఊరు నిలబడాలన్నా మనిషి కొన్నేళ్లు కదలాలి. ఆ కదలికకు ఖర్చు రాయని పథకం సగం పథకమే.

ఊరివాది: మీరు చెప్పని సగం నేను చెబుతాను. ఇలాగే గండి కొట్టిన బీల్ ఖుక్షియాలో పరిహారం ప్రకటించారు, అది కాగితాల చిక్కుల్లో చాలామందికి చేరలేదు. అది చూసిన కపాలియా రైతులు తమ బీల్‌లో గండికి అడ్డం తిరిగారు. పైగా నీళ్లు నిలిచిన చోటికి రొయ్యల చెరువుల వాళ్లు దిగుతారు. వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి పొలం ఎవరిదో!

దారివాది: అందుకే వరస మార్చాలి. గండికి ముందే మూడేళ్ల పంట విలువ రైతు ఖాతాలో పడాలి, గండి మూసేదాకా ఏటా అందుతూ ఉండాలి. ఒండ్రు పడితే గట్లు కనపడవు కాబట్టి ప్రతి మడి హద్దునూ ముందే కొలిచి రికార్డు చేయాలి.

ఊరివాది: హద్దు భూస్వామిది. కౌలు రైతు పేరు ఏ రికార్డులో ఉంటుంది?

దారివాది: ఉండదు. కొలిచే రోజే సాగు చేసేవాడి పేరూ రాయించాలి.

ఊరివాది: భూస్వామి రాయనివ్వకపోతే?

దారివాది: అప్పుడు గండి కొట్టనివ్వొద్దు. ఆ మాట వరకు నేను మీ పక్షమే.