ఏడాది ఉంటే ఇన్-స్టేట్ ఫీజు వస్తుందన్న ప్రచారం నిజం కాదు

అమెరికాకు ఎమ్మెస్ చదువుకోవడానికి పిల్లలను పంపుతున్న తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం అడ్మిషన్ల కాలం వచ్చినప్పుడల్లా తిరుగుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థి ఆ రాష్ట్రంలో పన్నెండు నెలలు ఉండి డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఒప్పందం, ట్యాక్స్ రిటర్ను చూపిస్తే రెండో ఏడాది నుంచి స్థానికులు కట్టే ఇన్-స్టేట్ ఫీజు కడితే చాలు, బంధువుల ఇల్లుంటే ఆ చిరునామాతో మొదటి సెమిస్టరు నుంచే అది వస్తుంది, అమెరికా సుప్రీంకోర్టు కూడా విద్యార్థుల పక్షానే తీర్పు చెప్పింది, అమెరికాలో పుట్టిన పిల్లలకైతే అసలు ఇబ్బందే లేదు. దీన్ని నమ్మి, రెండో ఏడాది ఖర్చును సగానికి తగ్గించి లెక్క వేసుకుని, ఆ లెక్క మీదనే ఇల్లో పొలమో తనఖా పెట్టి అప్పు చేస్తే ఆ కుటుంబం చదువు మధ్యలో చిక్కుకుపోతుంది. అందుకే ఇందులోని ఒక్కొక్క మాటనూ విడివిడిగా పరిశీలిస్తున్నాను.

పన్నెండు నెలల మాట పూర్తిగా కల్పితం కాదు. టెక్సస్, జార్జియా, న్యూజెర్సీ వంటి అనేక రాష్ట్రాల నిబంధనల్లో ఆ గడువు నిజంగానే ఉంది. కాలిఫోర్నియా 366 రోజులు అడుగుతుంది. అయితే రోజుల లెక్క ఆ నిబంధనలో ఒక భాగం మాత్రమే. ఆ రాష్ట్రాన్నే తన స్థిరనివాసంగా చేసుకుని అక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశం, అటువంటి ఉద్దేశం పెట్టుకోవడానికి చట్టం ఇచ్చే అనుమతి, ఈ రెండూ కలిసినప్పుడే ఆ రోజులకు విలువ వస్తుంది. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాను నిర్వచించే వలస చట్టం, ఆ విద్యార్థికి స్వదేశంలో నివాసం ఉండాలనీ, దాన్ని వదులుకునే ఉద్దేశం అతనికి ఉండకూడదనీ స్పష్టంగా చెబుతోంది. చదువు ముగిశాక తిరిగి వస్తానని కాన్సులేటు అధికారి ముందు చెప్పి వీసా తీసుకున్న వ్యక్తి, ఏడాది తిరిగేసరికి ఈ రాష్ట్రమే నా స్థిరనివాసమని విశ్వవిద్యాలయానికి రాసి ఇవ్వడం పరస్పర విరుద్ధం. అందువల్ల ఎఫ్-1 మీద గడిపిన కాలం ఒక ఏడాదైనా, పీహెచ్‌డీ కోసం ఐదారేళ్లైనా, సాధారణంగా ఈ లెక్కలోకి రాదు.

మన వాళ్లకు ఈ సందేశం అంత సహజంగా ఎందుకు అనిపిస్తుందో కూడా చెప్పాలి. మన రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల లోకల్, నాన్-లోకల్ అన్న మాటలు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇందులో ప్రధానమైనది సంవత్సరాల లెక్క: అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు చూపితే లోకల్ అయినట్టే, మీరు ఇక్కడే ఉండిపోతారా అని ఎవరూ అడగరు. ఆ అలవాటుతోనే అమెరికా నిబంధనను కూడా కాలపరిమితిగా చదువుతున్నాం. అమెరికాలో ప్రశ్న ఎంతకాలం ఉన్నారన్నది కాదు, ఏ హోదాలో, ఏ ఉద్దేశంతో ఉన్నారన్నది.

ఇక పత్రాల సంగతి. లైసెన్సు, లీజు, బ్యాంకు ఖాతా అన్నవి స్థిరనివాసానికి సాక్ష్యాలే తప్ప అవే స్థిరనివాసం కావు. అర్హత ఉన్నవారు దాన్ని రుజువు చేసుకోవడానికి వాటిని చూపుతారు. ట్యాక్స్ విషయంలో గందరగోళం మరింత ఎక్కువ. ఎఫ్-1 విద్యార్థిని మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల వరకు పన్నుల చట్టం సాధారణంగా నాన్-రెసిడెంటుగానే చూస్తుంది, ఆ తరువాత రెసిడెంటుగా చూడవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారిని వలస చట్టం పర్మనెంట్ రెసిడెంట్ అంటుంది. ఫీజు కోసం రాష్ట్రం నిర్ణయించే రెసిడెంటు ఈ రెండింటికీ భిన్నమైన మూడో అర్థం. న్యూజెర్సీలో స్థిరపడిన గ్రీన్‌కార్డు కుటుంబపు అమ్మాయి మిషిగన్‌లో చేరితే ఔట్-ఆఫ్-స్టేట్, అంటే బయటి రాష్ట్రపు, విద్యార్థినే. ఒకే మాట మూడు చోట్ల మూడు అర్థాలు ఇస్తున్నప్పుడు, ఒక చోటి కాగితాన్ని మరో చోట హక్కుగా చూపలేము.

బాబాయి ఇంటి చిరునామాతో మొదటి సెమిస్టరు నుంచే ఫీజు తగ్గుతుందన్న మాట అన్నిటికన్నా ప్రమాదకరమైనది. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి వారి నివాసమే ప్రమాణం. బాబాయి, పెదనాన్న, మేనమామ ఇళ్లు లెక్కలోకి రావు. ఇటువంటి దరఖాస్తు మీద సంతకం చేసేవారు అందులోని వివరాలు నిజమని ధ్రువీకరిస్తారు. అవి అబద్ధమని తేలితే వెనకటి సెమిస్టర్ల తేడా మొత్తం వసూలు చేయడం, క్రమశిక్షణ చర్య తీసుకోవడం విశ్వవిద్యాలయం చేతిలో ఉంటాయి. అంతకన్నా తీవ్రమైన విషయం మరొకటి ఉంది. ఏదైనా ప్రయోజనం కోసం, అది రాష్ట్ర చట్టం కింద వచ్చేదైనా సరే, అమెరికా పౌరుణ్ణని తప్పుగా చెప్పుకున్న విదేశీయుడికి వలస చట్టం ఆ దేశపు తలుపులు దాదాపు శాశ్వతంగా మూసేస్తుంది. ఫీజు తగ్గించుకోవడానికి ఒక గడిలో పెట్టిన టిక్కు, పదేళ్ల తరువాత గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఎదురుపడవచ్చు.

సుప్రీంకోర్టు తీర్పులు ఉన్న మాట నిజమే, కానీ అవి చెప్పింది వేరు. 1973లో వ్లాండిస్ వర్సెస్ క్లైన్ కేసులో కనెటికట్ చట్టాన్ని కోర్టు కొట్టివేసింది. దరఖాస్తు నాటికి బయటి రాష్ట్రపు చిరునామా ఉన్న విద్యార్థిని, అతను ఆ తరువాత నిజంగా స్థిరపడినా సరే, చదువు ముగిసేదాకా బయటివాడిగానే లెక్కించాలని ఆ చట్టం అనేది. రుజువు చేసుకునే అవకాశమే ఇవ్వకపోవడం అన్యాయమని కోర్టు చెప్పింది. కేవలం చదువు కోసమే వచ్చినవారికి తక్కువ ఫీజు దక్కకుండా రాష్ట్రాలు సహేతుకమైన ప్రమాణాలు పెట్టుకోవచ్చని కూడా అదే తీర్పులో చెప్పింది. 1982 నాటి టోల్ వర్సెస్ మొరెనో కేసు మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి సంబంధించినది. అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులకిచ్చే జి-4 వీసా కుటుంబాల పిల్లలు అందులో గెలిచారు. జి-4 వారు అమెరికాలో స్థిరనివాసం ఏర్పరచుకోకూడదని ఆ దేశపు చట్టసభ అయిన కాంగ్రెస్ ఎక్కడా నిషేధించకపోవడమే అందుకు ఆధారం. ఎఫ్-1 విషయంలో స్వదేశంలోని నివాసాన్ని వదులుకోకూడదన్న షరతు చట్టంలోనే ఉంది. కాబట్టి ఈ తీర్పులను ఎఫ్-1 విద్యార్థికి హామీగా చూపడం వాటిని తలకిందులుగా చదవడమే.

అమెరికాలో పుట్టి, తల్లిదండ్రులతో తిరిగివచ్చి హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగిన పిల్లల విషయంలో మన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినే అవకాశం ఉంది. పౌరసత్వం దేశానికి సంబంధించినది, ఫీజు రాష్ట్రానికి సంబంధించినది. తల్లిదండ్రులు భారతదేశంలో నివసిస్తున్నప్పుడు ఆ పిల్లలకు సాధారణంగా ఏ రాష్ట్రంలోనూ స్థిరనివాసం ఉండదు, కాబట్టి మొదటి ఏడాది వారు కట్టేది ఔట్-ఆఫ్-స్టేట్ ఫీజే. పౌరులు కనుక స్థిరపడే హక్కు వారికి ఉంది, కానీ పూర్తికాలం చదువుతూ గడిపిన ఏడాదిని చదువు కోసం గడిపినదిగానే చాలా రాష్ట్రాలు భావిస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అయితే 24 ఏళ్లలోపు అండర్‌గ్రాడ్యుయేట్ల నుంచి, తల్లిదండ్రులు ఆ రాష్ట్రవాసులు కానప్పుడు, ఆర్థిక స్వావలంబనకు రుజువు కూడా అడుగుతుంది. అక్కడ 2025-26లో కొత్తగా చేరిన అండర్‌గ్రాడ్యుయేట్లకు బయటివారిపై పడే అదనపు రుసుమే ఏడాదికి 37,602 డాలర్లు. నాలుగేళ్ల మీద ఇది ఎంత అవుతుందో పాస్‌పోర్టు రంగు చూసి ధీమాగా ఉన్న తల్లిదండ్రులు ముందే లెక్కవేసుకోవాలి.

ఈ ప్రచారం ఎక్కడ పుట్టి ఉంటుందో నాకొక అంచనా ఉంది. టెక్సస్‌లో చదువుకు సంబంధించిన పనిలో కనీసం సగం కాలపు టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంటుగా ఉన్నవారు స్థానిక రేటు కట్టే వీలుంది. పోటీ ప్రాతిపదికన కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ పొందినవారికి బయటి రేటును మినహాయించే వెసులుబాటు కూడా అక్కడి చట్టంలో ఉంది. అటువంటి సీనియరు తనకు ఇన్-స్టేట్ వచ్చిందని ఇంటికి ఫోన్లో చెబితే, ఆ మాట చేతులు మారుతూ ఏడాది ఉన్నందుకు వచ్చిందన్నట్టుగా మారి ఉండవచ్చు. నిజానికి అతను రెసిడెంటు కాలేదు, అతనికి దొరికింది మినహాయింపు. ఉద్యోగం పోయిన సెమిస్టరులో ఆ మినహాయింపూ పోతుంది.

నిజంగా దారి ఉన్నది హెచ్-1బి, ఎల్-1 ఉద్యోగులకూ, వారి మీద ఆధారపడి హెచ్-4, ఎల్-2 మీద ఉన్నవారికీ. ఈ వీసాలకు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు లేదు కనుక టెక్సస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు వారికి స్థిరనివాసం ఏర్పరచుకునే అవకాశం ఇస్తాయి. పెళ్లై హెచ్-4 మీద వెళ్లి, ఏడాది నిండాక అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో స్థానిక ఫీజుతో చదువుకునే వీలు మన అమ్మాయిలకు ఈ కారణంగానే ఉంది. వారి ఉదాహరణ ఎఫ్-1 వారికి వర్తించదు. ఈ దారిలోనూ ఒక ముల్లుంది. చిన్నప్పుడే హెచ్-4 మీద వెళ్లి అక్కడే బడి చదివిన పిల్లలకు 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే చాలామంది ఎఫ్-1కు మారాల్సి వస్తుంది. స్థానిక హైస్కూల్లో చదివినవారికి కొన్ని రాష్ట్రాలు ప్రత్యేక నిబంధనలు పెట్టాయి, అయితే కాలిఫోర్నియా నిబంధన ఎఫ్-1 వంటి వీసాల వారికి వర్తించదు. అందువల్ల వీసా మార్చుకునే ముందే, డిగ్రీ మధ్యలో ఫీజు హోదా మారుతుందా అని రిజిస్ట్రారు కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

న్యూయార్క్ విశ్వవిద్యాలయం, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, నార్త్‌ఈస్టర్న్ వంటి ప్రైవేటు సంస్థల్లో రాష్ట్రాన్ని బట్టి ఫీజు మారదు, కనుక అక్కడ చేరేవారికి ఈ చర్చే అవసరం లేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనూ ప్రభుత్వ నిధులు లేకుండా ఫీజులతోనే నడిచే కొన్ని మాస్టర్స్ కోర్సులకు అందరికీ ఒకటే ఫీజు ఉంటుంది. అప్పు కోసం బ్యాంకుకు వెళ్లే ముందు చూడవలసినది, వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో రాసిన మొత్తాన్ని. అది సాధారణంగా ఒక విద్యా సంవత్సరానికి వేసిన అంచనా. రెండేళ్ల కోర్సుకు దాన్ని రెట్టింపు చేసి, ఏటా పెరిగే ఫీజునూ దానికి కలుపుకోవాలి.