మిద్దె బెండకాయకు మద్దతు ధర

ఈ దేశంలో రైతు గురించి మాట్లాడనివాడు లేడు. కానీ మాట్లాడేవాళ్ళంతా పొలం గట్టు దగ్గరే ఆగిపోతున్నారు. మూడంతస్తుల మెట్లెక్కి, వాటర్ ట్యాంకు పక్కన, డిష్ గొడుగు నీడలో సేద్యం చేస్తున్న రైతును ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పలకరించలేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో వడ్లున్నాయి, కందులున్నాయి, ఎండు కొబ్బరి కూడా ఉంది. కూరగాయ ఒక్కటీ లేదు. మిద్దె మీద కాసిన బెండకాయ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఈ వినతి అందుకే.

ముందు కమతం వివరాలు. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు పదకొండు అడుగులు, వెరసి 121 చదరపు అడుగులు. గుంటకు 121 చదరపు గజాలు కాబట్టి ఇది సరిగ్గా గుంటలో తొమ్మిదో వంతు, ఎకరంలో 360వ వంతు. సన్నకారు రైతు అనే మాట కూడా దీని పక్కన నిలబెడితే లావుగా కనిపిస్తుంది. తెలంగాణలో రైతు భరోసా పెట్టుబడి సాయం ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. ఆ లెక్కన మిద్దె రైతుకు ముట్టాల్సింది 33 రూపాయల 33 పైసలు. రెండు విడతలుగా ఇచ్చినా అభ్యంతరం లేదు. విడతకు మూడు వందల గ్రాముల వేపపిండి వస్తుంది.

ఈ సేద్యంలో భూసార పరీక్ష కంటే ముందు చేయించాల్సింది శ్లాబు పరీక్ష. పొలంలో బరువు భూదేవి మోస్తుంది. ఇక్కడ రెండో అంతస్తు వాళ్ళ సీలింగు మోస్తుంది. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కేసి కట్టమంటుంది, భవనాలు మోయాల్సిన బరువులు చెప్పే ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం. ఇటుకలు పేర్చి, అడుగు లోతున మడి కట్టి, ఎర్రమట్టి నింపి తడిపితే అదే చదరపు మీటరు మీద అయిదు వందల కిలోలు కూర్చుంటాయి. అందుకే తెలిసినవాళ్ళు గ్రో బ్యాగులతో, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే సంచులతో సరిపెట్టుకుంటారు, అవి కూడా మిద్దె నడిబొడ్డున కాకుండా పిట్టగోడ వెంబడి, కింద బీము ఉన్న వరసలో. పదిహేను అంగుళాల బ్యాగు తడిమట్టితో యాభై కిలోలు తూగుతుంది. పన్నెండు బ్యాగులకు ఆరు వందల కిలోలు. మన పదకొండడుగుల చదరంలో పరిచి చూస్తే చదరపు మీటరుకు యాభై చిల్లర కిలోలు, శ్లాబు కిక్కురుమనదు. బ్యాగు కింద రెండేసి ఇటుకలు పెట్టాలి. పెట్టకపోతే అడుగున రంధ్రాలు మూసుకుపోయి నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళు ఏదో పగులు వెతుక్కుని కింది వాళ్ళ పడగ్గది సీలింగు మీద పటాలు గీస్తాయి. ఆ పటం మీద సరిహద్దు చర్చలు అసోసియేషన్ మీటింగుల్లో మూడు నెలలు నడుస్తాయి.

మట్టి దగ్గర మిద్దె రైతులు రెండు మతాలు. మొదటి మతం ఉత్త ఎర్రమట్టి నింపుతుంది. నాలుగు తడులకు అది ఇటుకలా బిగుసుకుంటుంది, అయిదో తడికి పోసిన నీళ్ళు బ్యాగు అంచు వెంబడి జారి కిందికి వచ్చేస్తాయి. వేళ్ళకు చుక్క అందదు. అది చూసి రైతు “నీళ్ళు బాగా దిగుతున్నాయి” అని మురుస్తాడు. రెండో మతం కొబ్బరి పీచు పొట్టును, అంటే ఉత్త కోకోపీట్‌ను నమ్ముకుంటుంది. అందులో తడి ఉంటుంది, తిండి ఉండదు, గాలివానకు మొక్క నిలబడే పట్టూ ఉండదు. పనికొచ్చే పాళ్ళు ఇవి: ఎర్రమట్టి రెండు, వర్మీకంపోస్టు ఒకటి, కోకోపీట్ ఒకటి, బ్యాగుకు వంద గ్రాముల వేపపిండి. అయిదు కిలోల కోకోపీట్ ఇటుక నీళ్ళలో వేస్తే అరవై లీటర్ల పైన ఉబ్బుతుంది కాబట్టి పన్నెండు బ్యాగులకు రెండు చాలు. నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టాలి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. కడక్కుండా వాడితే లేత ఆకుల అంచులు మాడతాయి, ఆ పాపం ఎండ ఖాతాలో పడుతుంది. పచ్చి పేడ వేసే వాళ్ళ దేశభక్తిని శంకించలేం గానీ, అది బ్యాగులోనే మాగుతూ వేడెక్కి వేళ్ళను ఉడకబెడుతుంది. పేడ చివికి, వాసన పోయి, చేతిలో పొడిపొడిగా రాలాలి.

ఇక నీళ్ళు. పొలంలో మొక్కలు నీళ్ళు లేక చస్తాయి, మిద్దె మీద ప్రేమ ఎక్కువై చస్తాయి. వరసక్రమం ఎప్పుడూ ఒకటే. పొద్దున తాతగారు ఓ చెంబు పోస్తారు. పది గంటలకు, ఆయన పోసిన సంగతి తెలియక, కోడలు ఓ చెంబు పోస్తుంది. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకు అది ఆట. అడుగు మట్టి బురదై, గాలి ఆడక, వేళ్ళు కుళ్ళడం మొదలవుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి మొక్క తల వాలుస్తుంది. తల వాల్చిన మొక్కను చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పాపం, దాహం వేస్తోందనిపిస్తుంది. ఇంకో చెంబు పడుతుంది. పరీక్ష తేలికే: చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చాలి. వేలికి తడి మట్టి అంటుకుని వస్తే ఆ పూట చెంబు దాచిపెట్టాలి. కోకోపీట్ కలిపిన మట్టి పైకి ఎండినట్టు కనిపిస్తూ లోపల తడిగా ఉంటుంది, కళ్ళను నమ్మకూడదు. మే నెల మిట్టమధ్యాహ్నం మొక్కలన్నీ వాలతాయి, సాయంత్రానికి వాటంతట అవే లేస్తాయి. సాయంత్రం కూడా లేవకపోతే అప్పుడు కంగారు పడొచ్చు.

అసలు కథానాయిక బెండ. నారు పోసే తంటా లేదు, ఫిబ్రవరిలోనో జూన్‌లోనో నేరుగా విత్తుకోవచ్చు. గింజలు రాత్రి నానబెట్టి, అంగుళం లోపు లోతులో, బ్యాగుకు నాలుగు గింజలు. అయిదారు రోజుల్లో మొలుస్తాయి. మిద్దె రైతు శీల పరీక్ష ఇక్కడే. నాలుగూ మొలిస్తే రెండు పీకేయాలి. పదిహేను అంగుళాల బ్యాగు రెండు బెండ మొక్కల్ని పోషిస్తుంది, నాలుగింటిని కాదు. పీకమంటే చేతులు వణుకుతాయి. “పుట్టిన ప్రాణాన్ని ఎలా పీకుతాం” అంటారు, మధ్యాహ్నం తోటకూర వేపుడు తింటూ. నాలుగూ మిగిలిన బ్యాగులో నాలుగూ సన్నగా సాగి, పోటీపడి పైకి లేచి, తలా మూడు కాయలిచ్చి రాజీనామా చేస్తాయి.

నలభై రోజులకు పూత. పువ్వు పొద్దున విచ్చుకుని ఆ రోజే వాడుతుంది. అక్కడి నుంచి అయిదో రోజుకు కాయ కోతకొస్తుంది. అసలు చిక్కంతా క్యాలెండరుదే. బెండకు ఆదివారాలు లేవు. రోజు విడిచి రోజు కోయాల్సిందే. శుక్రవారం సాయంత్రం వేలెడు పొడవున్న కాయ, ఇంటిల్లిపాదీ ఊరెళ్ళి సోమవారం వచ్చేసరికి జానెడై, పలకలు తేలి, పీచు కట్టి, పేము బెత్తంలా తయారవుతుంది. ముదిరిన కాయ చెట్టు మీదే ఉంటే మొక్క తన వంశం నిలిచిందని తృప్తి పడి కొత్త పూత తగ్గిస్తుంది. కాబట్టి కూరకు పనికిరాకపోయినా కోసేయాలి. చాలామంది కోయరు. “ఎంత పెద్దగా కాసిందో” అని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెడతారు.

ఆకు ఈనెలు పసుపెక్కితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు. ఆ మొక్కను పీకి దూరంగా పారేయడం, పసుపు జిగురు అట్టలు కట్టడం, మళ్ళీసారి అర్క అనామిక లాంటి తట్టుకునే రకం వేయడం తప్ప చేయగలిగిందేమీ లేదు. వేపనూనె ముందే కొడుతూ ఉంటే దోమ కొంత తగ్గుతుంది. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్లు, కానీ నూనెను ముందు సబ్బు నీళ్ళలో గిలక్కొట్టి పాలలా చేయాలి. నేరుగా పోస్తే నూనె పైకి తేలి, మొదట ఉత్త నీళ్ళు, చివర ఉత్త నూనె పడతాయి. ఆఖరి మొక్క ఆకులు అప్పడాల్లా మాడతాయి. సాయంత్రం పూట, ఆకుల అడుగు వైపు కొట్టాలి. దోమ కాపురం అక్కడే.

బీర తీగ వేసినవాళ్ళ గోడు వేరు. మొదటి వారం, పది రోజులు పూలన్నీ రాలిపోతాయి, ఇంట్లో దిష్టి తీస్తారు. అవన్నీ మగపూలు, రాలడమే వాటి పని. ఆడపువ్వు వెనక చిటికెన వేలంత పిందె ఉంటుంది. బీర పూసేది పొద్దుగూకే వేళ. ఆ ఎత్తుకు, ఆ వేళకు పురుగేదీ రాకపోతే మిద్దె రైతే పెళ్ళిళ్ళ పేరయ్య అవతారం ఎత్తాలి. మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి మడిచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ అద్దాలి. పొద్దున్నే చేద్దామనుకుంటే ముహూర్తం తప్పినట్టే, పిందె పసుపెక్కి రాలుతుంది.

వ్యవసాయ విస్తరణ సేవలు మిద్దె రైతుకు వాట్సాప్‌లో అందుతున్నాయి. టమాటా కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు వేయమని ఆదేశం వస్తుంది. పెంకు మట్టిలో కరగాలంటే నెలలు కావాలి, కాయ అన్నాళ్ళు ఆగదు. కాల్షియం నీళ్ళతో పాటే పైకి ప్రయాణిస్తుంది. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు ముంచెత్తితే మట్టిలో ఎంత కాల్షియం ఉన్నా కాయకు చేరదు. తడి సమంగా ఉంచితే తర్వాతి కాయలు శుభ్రంగా వస్తాయి. మరుక్షణం ఇంకో ఆదేశం: వాడిన టీ పొడి వేయండి. పంచదార వేసి మరిగించిన పొడిని కడక్కుండా వేస్తే చీమలు దిగుతాయి. చీమలు ఊరికే ఉండవు. పేనుబంక అనే రసం పీల్చే పురుగు విడిచే తీపి జిగురు కోసం దాన్ని పశువుల్లా కాస్తాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు తోలుకెళతాయి. ఈ లెక్కన మిద్దె మీద పాడి పరిశ్రమ కూడా మొదలైనట్టే. దీనికి విడిగా రుణం అడగవచ్చు.

కోతుల గురించి ఏం చెప్పినా తక్కువే. టమాటా ఎర్రబడే రోజు వాటికి మనకంటే ఒక పూట ముందు తెలుస్తుంది. కాకరకాయ తినవు గానీ, ప్రతి కాయా కొరికి చూసి, చేదని నిర్ధారించుకున్నాకే పారేస్తాయి. నాణ్యత తనిఖీలో ఇంత శ్రద్ధ ఏ శాఖలోనూ లేదు.

ఇప్పుడు పద్దు. 2004లో వేసిన జాతీయ రైతు కమిషన్, స్వామినాథన్ గారి అధ్యక్షతన, సాగు ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వమంది. ఆ సూత్రాన్ని మిద్దెకెక్కిద్దాం. పన్నెండు బ్యాగులు 960. ఎర్రమట్టి 600. దాన్ని మూడంతస్తులు మోసినందుకు ఇంకో 600, మోసినాయన చూసిన చూపు ఉచితం. వర్మీకంపోస్టు డెబ్బై కిలోలు 840. కోకోపీట్ 400, వేపపిండి 100, ఎనిమిది రకాల విత్తనాలు 320, షేడ్ నెట్టూ గొట్టాలూ 1,500, పనిముట్లు 400, స్ప్రేయరు 350, వేపనూనె 250. మొత్తం 6,320. రోజుకు అరగంట చొప్పున అరవై రోజులు, అంటే దాదాపు నాలుగు పనిదినాలు, రోజుకు 600 వేసినా ఇంటివాళ్ళ కూలి 2,400. వెరసి 8,720. మిద్దె అద్దె, పెట్టుబడి మీద వడ్డీ ఔదార్యంతో వదిలేస్తున్నాం. వచ్చే ఏడాదీ అవే బ్యాగులు, అదే నెట్టు పనికొస్తాయని గిట్టనివాళ్ళు అంటారు. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది.

టమాటా కోతులకు, కొత్తిమీర పావురాలకు పోగా దక్కిన దిగుబడి బెండ ఒక్కటే. నాలుగు బ్యాగులు, ఎనిమిది మొక్కలు, సీజను మొత్తానికి వంద కాయలు. కాయకు 87 రూపాయల 20 పైసలు పడింది. యాభై శాతం కలిపితే మద్దతు ధర 130 రూపాయల 80 పైసలు. కిలోకు కాదు, కాయకు. రైతుబజారులో పావుకిలో పదిహేనుకే ఇస్తున్నారని ఎత్తిచూపేవాళ్ళు, ఆ పదిహేనులో రైతు కూలి ఎంతో, మోత ఎంతో, ఎనిమిది వేల చిల్లర పద్దు ఎక్కడ దాక్కుందో కూడా తేల్చి చెబితే బాగుండు. ధర లేనప్పుడు మదనపల్లె, పత్తికొండ వైపు టమాటా రైతులు పంటను రోడ్డు మీద పారబోసి నిరసన తెలుపుతారు. మిద్దె రైతుకు ఆ హక్కూ లేదు. పారబోద్దామన్నా నాలుగు కాయలుండవు.

కాబట్టి ప్రభుత్వం వెంటనే లిఫ్టు పక్కన కొనుగోలు కేంద్రం తెరవాలి. రోజుకు రెండు మూడు కాయలకు మించి రావు కాబట్టి హమాలీలు అక్కర్లేదు. తేమ కొలవాల్సిన పనీ లేదు, తాతగారి చెంబు వల్ల అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. తరుగు తీయడానికి ఒప్పుకోం. ముఖ్యంగా ఒక్క షరతు. బజారులో ఆడవాళ్ళు బెండకాయ కొన విరిచి చూసినట్టు కేంద్రంలో సిబ్బంది చూడకూడదు. మంగళవారం, గురువారం కోసిన కాయలైతే చూసుకోనివ్వండి, టక్కున విరుగుతాయి. సోమవారం కోసిన వాటిని మాత్రం ముట్టుకోకుండా తూకం వేయాలి.